పడమటి కిటికీకి ఫిల్మ్ వేయిస్తే రూమ్ నిజంగా చల్లబడుద్దా?

బెజవాడ ఎండ:
అందరికీ నమస్తే అండి. మాది విజయవాడ, అయిదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో మూడో ఫ్లోర్, సొంత ఫ్లాటే. పడమటి బెడ్‌రూమ్‌లో ఆరడుగులు బై నాలుగడుగుల యూపీవీసీ స్లైడింగ్ కిటికీ ఉంది, మధ్యాహ్నం రెండు దాటిందంటే ఎండ నేరుగా మంచం మీదకి వచ్చేసుద్ది, సాయంత్రం అయిదింటికి కిటికీ పక్కన టైల్స్ మీద కాలు పెట్టలేం. మా అత్తయ్య గారు ఉండేది ఆ రూమ్‌లోనే, ఆవిడకి ఏసీ గాలి పడదు, మోకాళ్లు పట్టేస్తాయి, అందుకని ఏసీ తక్కువ వాడేలాగా ఏదన్నా దారి ఉందేమో అని చూస్తున్నా. మందం కర్టెన్లు వేశాం, వెలుతురు పోయింది గానీ వేడి అలానే ఉంది. ఒక షాపాయన అద్దానికి అంటించే నానో సిరామిక్ ఫిల్మ్ చూపించి 95 శాతం వేడి ఆపుద్ది అంటున్నాడు, అడుక్కి 180 అంట. ఇంకొకాయన అద్దంలా మెరిసే సిల్వర్ ఫిల్మ్ 60కే వేస్తానన్నాడు. ఇంట్లో వేయించుకున్నోళ్లు ఉంటే చెప్పండి ప్లీజ్, రోహిణి కార్తె లోపు ఏదో ఒకటి చేయాలి. ఇంకోటి, కార్లకి ఫిల్మ్ బ్యాన్ కదా, ఇళ్లకి కూడా రూల్ ఏమన్నా ఉందా?

నీడపట్టు:
చల్లబడుద్ది అండి, కానీ ఆయన చెప్పినంత కాదు. నేను ఇళ్ల డిజైన్ పనిలోనే ఉన్నా కాబట్టి కొంచెం వివరంగా చెప్తా.

ముందు కర్టెన్ సంగతి. ఎండ అద్దం దాటి లోపలికి వచ్చేశాక కర్టెన్ మీద పడుద్ది, కర్టెన్ వేడెక్కుద్ది, ఆ వేడి చాలావరకు రూమ్‌లోనే ఉండిపోద్ది. ఆపితే అద్దం దగ్గరే ఆపాలి, కుదిరితే అద్దానికి బయటే ఆపాలి. మే నెలలో సాయంత్రం నాలుగింటికి మీ సైజు కిటికీలోంచి, మామూలు అద్దమైతే, లోపలికి వచ్చే వేడి సుమారు వెయ్యి వాట్లు, అంటే రూమ్‌లో ఇస్త్రీ పెట్టె ఆన్ చేసి వదిలేసినట్టు. ఒక టన్ను ఏసీ మొత్తంగా బయటికి లాగగలిగేది మూడున్నర వేల వాట్లు, అందులో పావు వంతు పైనే ఈ ఒక్క కిటికీకి సరిపోద్ది. మంచి ఫిల్మ్ వేస్తే ఆ వెయ్యి కాస్తా దగ్గర దగ్గర సగానికి దిగుద్ది, అంతవరకు నమ్మొచ్చు.

95 లెక్క ఎక్కడిదంటే, ఎండలో ఉండే శక్తిలో సుమారు సగం ఇన్‌ఫ్రారెడ్, నలభై శాతం పైన కంటికి కనపడే వెలుతురు, మిగతా కొంచెం అల్ట్రావయొలెట్. వాళ్లు చెప్పే 95 ఇన్‌ఫ్రారెడ్ ఒక్కదాని మీదే, అది కూడా చాలాసార్లు అందులో ఒక ముక్క మీద కొలిచింది. లోపలికి వచ్చిన వెలుతురు కూడా గోడకీ మంచానికీ తగిలి చివరికి వేడే అవుద్ది కదా, కాబట్టి రూమ్ నిండా వెలుతురు ఇస్తూ 95 శాతం వేడి ఆపే ఫిల్మ్ ఉండదు. షాపులో ఎర్ర బల్బు ముందు ఫిల్మ్ పట్టుకుని వెనకాల చెయ్యి పెట్టి చూడమంటారు చూడండి, ఆ బల్బు ఇచ్చేది దాదాపు అంతా ఇన్‌ఫ్రారెడే, అందుకే చేతికి ఏమీ తగిలినట్టు ఉండదు, ఎండ ఆ బల్బు లాంటిది కాదు. మీరు అడగాల్సింది టీఎస్ఈఆర్, అంటే మొత్తం ఎండ శక్తిలో ఎంత ఆపుద్దో ఆ నంబరు, అది 50–60 ఉంటే మంచిదే. దాంతోపాటు వీఎల్‌టీ, వెలుతురు ఎంత వస్తుందో అది. ఈ రెండూ కాయితం మీద చూపించనోడి దగ్గర తీసుకోవద్దు.

డబ్బు పెట్టే ముందు ఒక పని చేయండి. ఒకరోజు థర్మోకోల్ షీట్లు తెచ్చి కిటికీ గ్రిల్‌కి బయటవైపు కట్టేసి సాయంత్రం ఏడింటికి రూమ్ ఎలా ఉందో చూడండి. బాగా తేడా తెలిస్తే వేడి కిటికీ నుంచే. అప్పటికీ ఉడికిపోతుంటే గోడ నుంచి వస్తున్నట్టు, పడమటి గోడ మధ్యాహ్నమంతా కాలి రాత్రి దాకా ఆ వేడి లోపలికి వదులుతూనే ఉంటది, దానికి ఏ ఫిల్మూ పనిచేయదు.

కార్ల మీద ఫిల్మ్ వద్దని సుప్రీంకోర్టు 2012లో చెప్పింది మోటారు వాహనాల రూల్స్ కింద, ఇంటికి దాంతో సంబంధం లేదు. అసోసియేషన్‌ని మాత్రం అడగండి, సిల్వర్ ఫిల్మ్ మీద పడ్డ ఎండ ఎదురింటోళ్ల హాల్లోకి కొట్టి గొడవలైన చోట్లు ఉన్నయ్.

అద్దాల పని కూకట్‌పల్లి:
నేను ఫిల్మ్ వేసే పనే చేస్త. సార్ టీఎస్ఈఆర్ గురించి చెప్పింది కరెక్ట్. నేను ఒకటి కలుపుత, అద్దం ఏందో చూడకుండ ఫిల్మ్ వేయించొద్దు. అద్దం మూలకు చిన్న స్టాంపు ఉంటె అది టఫెన్డ్, అంటే వేడి చేసి గట్టిపరిచిన అద్దం, భయం లేదు. స్టాంపు లేని మామూలు అద్దం మీద నల్లటి ఫిల్మ్ వేస్తే అది వేడిని అద్దంలనే పట్టి ఉంచుతది, సగం అద్దం ఎండల సగం నీడల ఉంటె అంచు కాడికెళ్లి పగులు వస్తది. ఒకే ఫ్రేమ్‌ల ఒకదానెనుక ఒకటి రెండు అద్దాలు బిగించిన కిటికీ అయితే ఇంకా జాగ్రత్త, కిటికీ కంపెనీ వాళ్లను అడిగినంకనే వేయించాలె. మీరు చెప్పిన సిల్వర్‌ది చవక, వేడిని మంచిగనే వెనక్కి కొడతది, కని రూమ్ చీకటైతది, పైగా పగలు బయటోళ్లకు లోపల కనిపించదు గాని రాత్రి లైట్ వేస్తే ఉల్టా, లోపల మొత్తం కనిపిస్తది. పెద్దమ్మ ఉండే రూమ్ అంటున్నరు కాబట్టి రాత్రికి కర్టెన్ ఎట్లైనా కావాలె. వేసినంక లోపల నీళ్ల బుడగలు, మసక కొన్ని రోజులు ఉంటయ్, అవే ఆరిపోతయ్, గోరుతోని గీకొద్దు, అమ్మోనియా ఉన్న గ్లాస్ క్లీనర్ కొట్టొద్దు. రబ్బరు దగ్గర మిల్లీమీటరో రెండో గ్యాప్ ఇడుస్తం, అది తప్పు పని కాదు.

బెజవాడ ఎండ:
చాలా థ్యాంక్స్ అండి ఇద్దరికీ. మూల చూశా, స్టాంపు లేదు, మామూలు అద్దమే. కిటికీ పైన రెండడుగుల సజ్జా ఉంది, అది ఉన్నా ఎండ ఇంత ఎందుకు వస్తుందో అర్థం కావట్లా.

ఫీనిక్స్ నుంచి:
మాది అమెరికాలో అరిజోనా, ఇక్కడా ఎండలు మీలాగే 43, 45 పైనే. ఇక్కడ చాలా ఇళ్లకి కిటికీ బయట సోలార్ స్క్రీన్ అని దోమల మెష్ కంటే చిక్కటి జాలీ ఫ్రేమ్ కట్టి పెడతారు, ఎండ అద్దాన్ని తాకకముందే ఆగిపోతుంది. మామూలు అద్దం అంటున్నారు కాబట్టి మీకు అదే నయం అనిపిస్తోంది, పగులుతుందన్న భయం ఉండదు. అక్కడైతే నర్సరీ షాపుల్లో దొరికే గ్రీన్ షేడ్ నెట్ చాలు, గ్రిల్‌కి కేబుల్ టైలతో బిగించి కట్టేయొచ్చు, అద్దానికీ నెట్‌కీ మధ్య గాలి ఆడేలా కాస్త ఖాళీ ఉంచండి.

గుంటూరు మేడ:
మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోవద్దు. మాది టాప్ ఫ్లోర్, కిటికీలు అన్నీ దక్షిణం వైపే, మేము కూడా ఫిల్మ్ వేయించొచ్చా?

నీడపట్టు:
గుంటూరు గారూ, ఎండాకాలం కోసమైతే మీకు ఫిల్మ్ దండగ. మే మొదటి వారం దాటాక ఆగస్టు మొదటి వారం దాకా సూర్యుడు మనకి నడినెత్తి దాటి ఉత్తరానికి జరిగి ఉంటాడు, దక్షిణం కిటికీల మీద నేరుగా ఎండ పడదు. మీకు వేడి వచ్చేది స్లాబ్ నుంచి. ఆ డబ్బుతో మేడ మీద ఎండని వెనక్కి కొట్టే తెల్లటి కూల్ రూఫ్ పెయింట్ వేయించండి, అది కాకపోతే సున్నమన్నా కొట్టించండి. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది కూడా ఇందుకే.

బెజవాడ గారూ, సజ్జా పనిచేసేది ఎండ పైనుంచి పడినప్పుడు. మే చివర్లో నాలుగింటికి సూర్యుడు పడమట 35 డిగ్రీల ఎత్తులోకి దిగిపోతాడు, మీ రెండడుగుల సజ్జా నీడ అద్దం మీద అడుగున్నర కూడా దిగదు, అయిదింటికి ఇంకా తగ్గిపోద్ది. మీ అద్దం పైన నీడ, కింద ఎండ ఉంటుందన్నమాట, పైన కూకట్‌పల్లి ఆయన చెప్పిన పగులు వచ్చేది సరిగ్గా ఇలాంటి చోటే. అందుకని ఈ ఎండాకాలానికి షేడ్ నెట్ కట్టేయండి, వెంటనే అయిపోద్ది. ఫిల్మే కావాలనుకుంటే ముందు ఆ అద్దాలు టఫెన్డ్‌వి మార్పించి అప్పుడు వేయించండి. పగలు కిటికీ మూసి ఉంచి, రాత్రి బయట గాలి లోపలికంటే చల్లబడ్డాక రెండు వైపులా తలుపులు తీసి పెట్టండి, ఆవిడకి ఏసీ లేకపోయినా ఫ్యాన్‌తో నిద్ర పట్టుద్ది.