ఎత్తైన కొండల్లో ఏడాది పొడవునా నడవాలంటే ఏ కాలానికి ఏం మార్చుకోవాలి?

ప్రశ్న:
3,000 మీటర్ల దాకా వేసవి నడకలు మా ఇద్దరికీ అలవాటే. ఈసారి అదే కొండల్లో మంచు కరిగే వసంతం నుంచి చలికాలం దాకా నడవాలనుకుంటున్నాం. రెయిన్ జాకెట్, ఫ్లీస్ (నూగులాంటి మెత్తటి వెచ్చని చొక్కా), డౌన్ జాకెట్ (పక్షి ఈకల నూగు నింపినది), మైక్రోస్పైక్స్ (బూట్లకు తొడిగే చిన్న ముళ్ల గొలుసులు), గ్యాస్ స్టవ్, సన్నగొట్టాల వాటర్ ఫిల్టర్ ఉన్నాయి. ఇంకేం కావాలి? ఉన్నవాటిలో ఏవి మొరాయిస్తాయి? మంచు మీద నడక మాకు కొత్త.

జవాబు 1:
సామాను సంగతి తర్వాత చూద్దామండీ, ముందు బయల్దేరే వేళ మార్చుకోండి. వసంతంలో రాత్రి గడ్డకట్టిన మంచు తెల్లవారుజామున నేలలా గట్టిగా ఉంటుంది. ఎండ ఎక్కితే అదే మంచులో మోకాలి దాకా దిగబడతారు. పెద్ద బండల పక్కన మరీ జాగ్రత్త. వేడెక్కిన రాయి చుట్టూ మంచు లోపల్లోపల కరిగి గుల్లవుతుంది, పైకి మాత్రం చదునుగానే కనిపిస్తుంది. కాలు ఇరుక్కుని చీలమండ మెలిపడేది అక్కడే. ఓ కర్ర దూరం వదిలి నడవండి.

వాగులకూ ఇదే లెక్క. కరిగిన నీళ్లు మధ్యాహ్నం, సాయంత్రం వేళ పోటెత్తుతాయి. పొద్దున పిక్కల దాకా ఉన్నది తిరిగొచ్చేసరికి తొడల దాకా రావచ్చు. అందుకే దారి వేసుకునేటప్పుడే తిరుగు ప్రయాణంలో వాగు తగులుతుందేమో చూసుకోండి. దాటాల్సి వస్తే ఇరుకైన చోటు కాకుండా నీరు పాయలుగా విడిపోయిన వెడల్పాటి చోటు ఎంచుకోండి. దిగువన జలపాతం గానీ అడ్డం పడ్డ దుంగలు గానీ ఉండకూడదు. బూట్లు విప్పొద్దు. బ్యాగు నడుం బెల్టు, ఛాతీ పట్టీ మాత్రం విప్పాలి, పడితే బ్యాగు వదిలించుకోవాలి కదా. ఎగువకు ముఖం పెట్టి, కర్ర ఆనించి, ఒకసారికి ఒక్క కాలే కదపండి.

వేసవిలో భయం పిడుగులది. మధ్యాహ్నానికల్లా శిఖరం, గట్టు దిగిపోయి ఉండాలి. మెరుపుకీ ఉరుముకీ మధ్య 30 సెకన్లు లేవంటే పిడుగు 10 కిలోమీటర్ల లోపే ఉన్నట్టు. చివరి ఉరుము వినిపించాక 30 నిమిషాలు ఆగండి. ఒంటరి చెట్టు కిందికీ, లోతులేని గుహ నోట్లోకీ పోవద్దు.

జవాబు 2:
మొరాయించేవాటి గురించి చెప్తాను. ఫిల్టర్ ఒకసారి తడిసి గడ్డకట్టిందంటే లోపలి సన్నగొట్టాలు చిట్లిపోవచ్చు. నీళ్లు మామూలుగానే వస్తాయి కాబట్టి కనిపెట్టలేరు. అందుకే దాన్ని నమ్మకూడదు. చలిలో ఒంటికి ఆనేలా లోపలి జేబులో పెట్టుకోండి, లేదా నీళ్లు మరిగించి తాగండి.

గ్యాస్: బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గరే ఆవిరి కావడం మానేస్తుంది. ఐసోబ్యూటేన్ మైనస్ 12 దాకా, ప్రొపేన్ మైనస్ 42 దాకా ఆవిరవుతాయి. మిశ్రమంలో ప్రొపేన్ ముందు అయిపోతుంది. సగం నిండిన డబ్బా చలిలో మంట ఇవ్వకపోవడానికి కారణం ఇదే. ఐసోబ్యూటేన్, ప్రొపేన్ కలిసిన డబ్బా కొనండి, రాత్రి స్లీపింగ్ బ్యాగులో పెట్టుకోండి.

నీళ్ల సీసాను తలకిందులుగా పెట్టండి. మంచు పైనుంచి కడుతుంది కాబట్టి మూత వైపు తెరుచుకుంటుంది. పైపుతో తాగే సంచీ ఇంట్లోనే ఉండనివ్వండి, పైపు ముందు గడ్డకడుతుంది.

బట్టల్లో నూలు వద్దు. కొంచెం చలి వేస్తుండగానే నడక మొదలుపెట్టండి, లేదంటే చెమటకు తడిసి, ఆగగానే వణుకు పుడుతుంది. డౌన్ జాకెట్ ఆగినప్పటికే, తడిస్తే అది వెచ్చదనం ఇవ్వదు. నల్లద్దాలు మరవొద్దు. మంచు మీంచి తిరిగొచ్చే ఎండకు ముక్కు కింద, గడ్డం కింద కూడా చర్మం కమిలిపోతుంది.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. నిటారు వాలు మీద మైక్రోస్పైక్స్ చాలవా? శరదృతువులో ఏం చూసుకోవాలి?

జవాబు 3:
చాలవండీ. అవి వాలు తక్కువున్న దారికే. గట్టి మంచు, నిటారు వాలు అయితే క్రాంపాన్లు (బూట్లకు బిగించే పొడవాటి ఇనుప ముళ్ల చట్రాలు), ఐస్ యాక్స్ (మంచు గొడ్డలి) కావాలి. జారితే గొడ్డలితో ఎలా ఆగాలో, దిగువన ప్రమాదంలేని వాలు మీద ముందే నేర్చుకోవాలి. నేర్వని గొడ్డలి చేతిలో ఉండీ లేనట్టే.

చలికాలంలో 30 నుంచి 45 డిగ్రీల వాలుల మీదే మంచు చరియలు ఎక్కువగా విరుగుతాయి. మీరు నడిచేది చదునే అయినా పైన అలాంటి వాలు ఉంటే ముప్పు మీదే. కొత్త మంచు బాగా పడ్డాక, గాలి మంచును ఒకచోట మేటవేశాక ఆ వైపు వెళ్లొద్దు. కాళ్ల కింద ధబ్‌మని చప్పుడైనా, పగుళ్లు పాకినా వచ్చిన అడుగుజాడల్లోనే వెనక్కి రండి. ట్రాన్సీవర్ (పూడుకుపోయినవాళ్ల జాడ పట్టే రేడియో పరికరం), ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ), పార ఇద్దరి దగ్గరా ఉండాలి. పూర్తిగా పూడుకుపోయిన మనిషి బతికే అవకాశం పావుగంటలోనే బాగా పడిపోతుంది, బయటివాళ్లు వచ్చేదాకా ఆగే వ్యవధి ఉండదు.

శరదృతువులో పగలు తరుగుతుంది. గంటకు 5 కిలోమీటర్లు, ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు ఇంకో గంట కలపండి. 12 కిలోమీటర్లు, 900 మీటర్ల ఎక్కుడు అంటే దాదాపు 4 గంటలు, ఆగే సమయం కాక. ఆ లెక్క మామూలు దారికి. నీడలో రాళ్ల మీద కంటికి ఆనని మంచు పొర ఉంటే ఇంకా పడుతుంది. తిరుగుముఖం పట్టే వేళ పొద్దున్నే ఖాయం చేసుకోండి, శిఖరం పావుగంట దూరంలో ఉన్నా సరే. ఇద్దరికీ చెరో హెడ్‌ల్యాంప్, లిథియం బ్యాటరీలతో.