మారినేట్ చేసిన చికెన్ పైన పిండిలా, లోపల చప్పగా వస్తోంది. ఎక్కడ తేడా?

ప్రశ్న

ఎముక లేని బ్రెస్ట్ ఒక కిలో, అంగుళం ముక్కలు. మూడు నిమ్మకాయల రసం, రెండు టేబుల్‌స్పూన్ల వెనిగర్, అరకప్పు పెరుగు, ఒక టీస్పూన్ ఉప్పు, రెండు స్పూన్ల కారం, అల్లంవెల్లుల్లి ముద్ద, రెండు స్పూన్ల తేనె. అన్నీ కలిపి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచాను. పొద్దున పెద్ద మంట మీద పెనంలో మొత్తం ఒకేసారి వేస్తే ముందు నీళ్ళూరి ముక్కలు ఉడికిపోయాయి, నీళ్ళు ఇగిరాక మసాలా అడుగంటి నల్లబడింది. తింటే పైన పిండిపిండిగా, లోపల పీచుపీచుగా ఉంది, ఉప్పు తెలియడమే లేదు. ఇంకా ఎక్కువసేపు నానబెడితే లోపలికి పడుతుందా?

మొదటి జవాబు

లేదండీ, ఇంకా ఎక్కువసేపు ఉంచితే పైన మరింత చెడుతుంది, లోపల మాత్రం ఇలాగే ఉంటుంది. మీరు రాసినదాంట్లోనే కారణాలు మూడు కనిపిస్తున్నాయి.

మొదటిది ఉప్పు. మారినేడ్‌లో మనం వేసేవాటిలో ముక్క మధ్యదాకా నిజంగా చేరేది దాదాపు ఉప్పు ఒక్కటే. కారం, మిరియాలు, వెల్లుల్లి, నూనె ఇవన్నీ పైన కొన్ని మిల్లీమీటర్ల దగ్గరే ఆగిపోతాయి, ఒక రోజు ఉంచినా అంతే. ఉప్పు లోపలికి వెళ్ళి మాంసకృత్తుల అల్లికను వదులు చేస్తుంది, అందువల్ల వేడి తగిలినప్పుడు ముక్క తన నీటిని అంత తొందరగా వదలదు. రుచీ, రసమూ రెండూ దాని మీదే ఆధారపడ్డాయి. సన్న ఉప్పు ఒక టీస్పూన్ తలకొట్టి తీసుకుంటే సుమారు 6 గ్రాములు. కిలో ఎముక లేని మాంసానికి 12 గ్రాములు కావాలి. మీరు సగమే వేశారు, అందులో కొంత పెరుగుకూ రసానికీ పోయింది. రాళ్ళ ఉప్పయితే స్పూన్ లెక్క నమ్మకండి, తూకం వేయండి. ఎముకతో ఉన్న ముక్కలకు కిలోకు 10 గ్రాములు చాలు, ఎందుకంటే ఆ బరువులో ఎముక కూడా ఉంది.

రెండోది పులుపు. ఇంత నిమ్మరసం, దాని మీద వెనిగర్, పైగా రాత్రంతా. నిప్పు లేకుండానే పులుపు పైపొరను ఉడికించినట్టు చేసేస్తుంది. వండకముందే ఒక ముక్కను అడ్డంగా కోసి చూడండి. అంచు చుట్టూ తెల్లగా, పాలరాయిలా ఒక పట్టీ ఉంటుంది, మధ్యలో మాత్రం మామూలు లేత గులాబీ రంగే. ఆ తెల్ల పట్టీని వేలితో నొక్కితే సాగదు, పొడిపొడిగా విడిపోతుంది. మీకు నోటికి పిండిలా తగిలింది అదే. పెరుగు పులుపు చాలా మెత్తనిది కాబట్టి రాత్రంతా ఉన్నా ఇంత దెబ్బ తీయదు. నిమ్మరసం, వెనిగర్ మాత్రం గట్టివి.

మూడోది తడి. పెనం మీద ఎర్రబడాలంటే ముక్క పైభాగం 100 డిగ్రీలు దాటాలి. పైన నీరున్నంతసేపూ అది 100 దగ్గరే ఆగిపోతుంది. కిలో ముక్కలు ఒకేసారి వేయడంతో పెనం చల్లబడింది, నీళ్ళు ఊరాయి, అవి ఇగిరేలోపు ముక్క లోపల ఉడుకు మించిపోయింది. తర్వాత మిగిలింది తేనె, వెల్లుల్లి. పొడి పెనం మీద ఆ రెండూ క్షణాల్లో మాడతాయి.

ప్రశ్న వేసినవారు

అయితే కొలతలతో ఒక పద్ధతి చెప్పగలరా? ఇదే కిలో బ్రెస్ట్‌కు.

మొదటి జవాబు ఇచ్చినవారు

రెండు దశల్లో చేయండి.

ముందు ముక్కల తడిని టిష్యూతో అద్ది తీసేయండి. 12 గ్రాముల సన్న ఉప్పు అన్నివైపులా పట్టేలా చల్లి, కలిపి, మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. అంగుళం ముక్కలకు రెండు గంటలు. ముక్కలు చేయని పూర్తి బ్రెస్ట్ అయితే ఒక రాత్రి. మొదటి పావుగంటలో కాస్త నీరు బయటికి వచ్చి గిన్నె అడుగున చేరుతుంది. పారబోయకండి, కాసేపటికి ఆ ఉప్పునీటిలో చాలాభాగం ముక్కే మళ్ళీ పీల్చుకుంటుంది.

రెండో దశకు పెరుగు 250 గ్రాములు పలుచని గుడ్డలో కట్టి రెండు మూడు గంటలు వేలాడదీస్తే సుమారు సగానికి తగ్గి గట్టిగా అవుతుంది. రెండు టేబుల్‌స్పూన్ల నూనె గోరువెచ్చగా చేసి, దింపి, అందులో రెండు టీస్పూన్ల కారం, ఒక టీస్పూన్ మిరియాల పొడి కలపండి. కారం రంగు, మిరియాల వాసన నీటిలో కంటే నూనెలో బాగా దిగుతాయి. పొగ వచ్చేంత వేడిలో వేస్తే కారం చేదెక్కుతుంది, జాగ్రత్త. నూనె పూర్తిగా చల్లారాకే పెరుగులో కలపాలి, వెచ్చని మసాలా పచ్చి చికెన్ మీద పోయకూడదు. ఒక టేబుల్‌స్పూన్ అల్లంవెల్లుల్లి ముద్ద, ఒక నిమ్మకాయ పైతొక్క తురుము (ఆకుపచ్చదో పసుపో ఆ రంగు పొర వరకే, లోపలి తెల్లది చేదు), ఈ మసాలాకు మరో చిటికెడు ఉప్పు. ఇదంతా ముక్కలకు పట్టించి నాలుగు నుంచి ఎనిమిది గంటలు. నిమ్మవాసన కావాలంటే తొక్కలోని నూనెలే ఇస్తాయి. రసం వండిన తర్వాత పైన పిండుకోండి.

కిలోకు ఈ పూత మొత్తం 200 గ్రాములలోపే ఉంటుంది, అది సరిపోతుంది. ముక్కలు మసాలాలో తేలాల్సిన పని లేదు. గిన్నె అడుగున మిగిలే మసాలా వల్ల ముక్కకు ఒరిగేదేమీ లేదు.

వండే ముందు ప్రతి ముక్కకూ ఉన్న ఎక్కువ పూతను వేళ్ళతో దులిపేయండి, పలుచని పొర ఉంటే చాలు. పెనం బాగా వేడెక్కాక పావుకిలో ముక్కల చొప్పున, ఒకదానికొకటి తగలకుండా వేయండి. వేయగానే చుయ్ మనాలి. ఆ చప్పుడు సన్నగిల్లి బుడబుడమంటే నీళ్ళూరుతున్నట్టే, అప్పుడు సగం ముక్కలు తీసి పక్కన పెట్టండి. ఒకవైపు ఎర్రబడేదాకా కదపకండి, అంటుకున్న ముక్క రంగు వచ్చాక తానే వదులుతుంది. తేనె కావాలంటే దించే ముందు ఆఖరి రెండు నిమిషాల్లో పూయండి.

రెండో జవాబు

పై పద్ధతితో ఏకీభవిస్తాను, పులుపు విషయంలో మాత్రం కొంచెం తేడా. రసాన్ని పూర్తిగా మానక్కర్లేదు. కిలోకు ఒక టేబుల్‌స్పూన్ నిమ్మరసం మసాలాలో కలిపి, వండే ముందు గంట, గంటన్నర మాత్రమే ఉంచితే పైపొర చెడదు, వండాక పులుపు ఘాటుగా కాకుండా కాస్త మెత్తగా తెలుస్తుంది. పైన పిండిన రసానికి ఆ రుచి రాదు. రాత్రంతా ఉంచేదైతే రసం వద్దు. ఇక్కడ కొలత, గడియారం రెండూ చూసుకోవాల్సిందే.

బ్రెస్ట్, కాలి ముక్కలు ఒకే గిన్నెలో ఒకేలా నానబెట్టి ఒకేసారి వండటం కూడా మంచిది కాదు. బ్రెస్ట్ మధ్యలో 74 డిగ్రీలు తాకగానే దించేయాలి, 80 దాటితే ఏ మారినేడూ కాపాడలేదు. కాలి మాంసంలో పీచు, జిగురు ఎక్కువ, అది 80 నుంచి 85 దాకా వెళ్ళినప్పుడే కరిగి మెత్తబడుతుంది. మాంసంలో గుచ్చి చూసే చిన్న థర్మామీటర్ ఒకటి ఉంటే ఇందులో సగం సందేహాలు తీరిపోతాయి. ముక్క బాగా మందంగా ఉన్నచోట, ఎముకకు తగలకుండా గుచ్చాలి.

ప్రశ్న వేసినవారు

పచ్చి బొప్పాయి వేస్తే మెత్తబడుతుందంటారు కదా? ఎంత వేయాలి?

రెండో జవాబు ఇచ్చినవారు

బ్రెస్ట్‌కు అసలు వేయకండి. అది మొదటినుంచీ మెత్తనిదే, దాని సమస్య నీరు పోవడం. బొప్పాయి నీటిని నిలపదు, కండను ముక్కలుముక్కలుగా కోస్తుంది. బొప్పాయిలో పపైన్, అనాసలో బ్రోమెలైన్, కివీలో ఆక్టినిడిన్, పచ్చి అల్లంలోనూ అలాంటి ఎంజైమే ఒకటి. వీటి పని ఒకటే, మాంసకృత్తులను తెంచడం.

ముదురు కోడి కాలి మాంసమైతే కిలోకు ఒక టేబుల్‌స్పూన్ పచ్చి బొప్పాయి ముద్ద, అరగంట నుంచి ముప్పావుగంట, అంతకు మించి వద్దు. పపైన్ చల్లటి ఫ్రిజ్‌లో నెమ్మదిస్తుంది, 60, 70 డిగ్రీల మధ్య మహా చురుగ్గా ఉంటుంది. చిన్న మంట మీద మెల్లగా వేడెక్కిస్తే ఆ కాసేపట్లోనే ముక్క జావలా అయిపోతుంది. అందుకే బొప్పాయి పట్టించిన మాంసాన్ని వేడి పెనం మీదే వేయాలి. డబ్బాలో వచ్చే అనాస ముక్కలను ముందే వేడిచేసి ఉంటారు కాబట్టి అందులో ఎంజైమ్ చచ్చిపోయి ఉంటుంది, రుచికి తప్ప మెత్తబరచడానికి పనికిరాదు. పచ్చి అనాస, కివీ పెరుగుతో కలిపి ఉంచితే చేదు వస్తుంది, అది కూడా గుర్తుపెట్టుకోండి.

వంటసోడా గురించి ఎవరో ఒకరు అడుగుతారు కనుక ముందే చెబుతున్నా. సన్నగా పొడవుగా తరిగిన బ్రెస్ట్‌ను పెద్ద మంట మీద రెండు నిమిషాల్లో వేయించేటప్పుడు అది బాగా పనిచేస్తుంది. అరకిలోకు అర టీస్పూన్, పదిహేను నిమిషాలు, తర్వాత గిన్నెలో నీళ్ళతో కడిగి, ఆరబెట్టి, అప్పుడు ఉప్పు, మసాలా. కడగకపోతే సబ్బు రుచి. పెద్ద ముక్కలకు సోడా వద్దు.

ఇంకొకరు

తొక్కతో ఉన్న పూర్తి కోడి ఓవెన్‌లో పెట్టాలి. ఇదే పెరుగు మసాలా పైన పూయొచ్చా?

మొదటి జవాబు ఇచ్చినవారు

తొక్క మీద పూస్తే లోపలికి ఏమీ దిగదు, తొక్క కరకరలాడదు కూడా. తొక్క కింద వేళ్ళు మెల్లగా పోనిచ్చి, చిరగకుండా మాంసం నుంచి విడదీసి, మసాలా ఆ సందులో పూయండి. తొక్క పైన ఉప్పు ఒక్కటే. పూర్తి కోడికి కిలోకు 10 నుంచి 12 గ్రాముల ఉప్పు, పొట్ట లోపల కూడా కొంత రుద్ది, పళ్ళెంలో మూత లేకుండా ఫ్రిజ్ కింది అరలో ఒక రాత్రి. ఇతర తిండి మీద ఆ నీరు చిందకుండా అంచులున్న పళ్ళెం పెట్టుకోండి. తెల్లారేసరికి తొక్క కాగితంలా ఆరి ఉండాలి. ముట్టుకుంటే వేలికి తడి అంటకపోతే సరిగ్గా ఉన్నట్టు.

కొనేటప్పుడు పాకెట్ మీద ఒకసారి చదవండి. ఉప్పునీరు ముందే ఎక్కించిన కోడి అని ఉంటే ఉప్పు సగానికి తగ్గించాలి. సోయాసాస్ వాడేవాళ్ళు కూడా లెక్క వేసుకోండి, మామూలు సోయాసాస్ ఒక టేబుల్‌స్పూన్‌లో సుమారు రెండున్నర గ్రాముల ఉప్పు ఉంటుంది. నాలుగు స్పూన్లు పోస్తే 10 గ్రాములు వచ్చేసినట్టే.

ప్రశ్న వేసినవారు

గిన్నెలో మిగిలిన మసాలాను గ్రేవీలో వాడొచ్చా? నానబెట్టిన చికెన్‌ను ఫ్రీజర్‌లో పెట్టొచ్చా? స్టీలు గిన్నె మంచిదేనా?

రెండో జవాబు ఇచ్చినవారు

పచ్చి చికెన్ తగిలిన మసాలాను అలాగే పైన పోసుకోవడం, వండిన ముక్కల మీద పూయడం చేయకండి. వాడాలంటే కళపెళా మరిగించాలి. పెరుగున్నది మరిగిస్తే విరుగుతుంది, అందుకని చికెన్‌లో కలపకముందే రెండు చెంచాలు వేరే గిన్నెలోకి తీసి పెట్టుకోవడం మేలు. పచ్చి ముక్కలు పట్టుకున్న పట్టకారుతోనే వండినవి తీయకండి.

నానబెట్టడం ఎప్పుడూ ఫ్రిజ్‌లోనే, 4 డిగ్రీలు లేదా అంతకు తక్కువలో. బయట అన్నీ కలిపి రెండు గంటలు మించకూడదు, ఎండ 32 డిగ్రీలు దాటిన రోజుల్లో గంటే. నిమ్మరసం, ఉప్పు ఉన్నాయి కదా, క్రిములు చస్తాయి అనుకోవద్దు, ఆ కొలతల్లో చావవు. చికెన్‌ను కుళాయి కింద కడగడం కూడా మానేస్తే మంచిది. ఆ తుంపర్లతో సాల్మొనెల్లా, క్యాంపిలోబాక్టర్ లాంటివి సింక్ చుట్టూ ఉన్న గిన్నెల మీదికి చేరతాయి. చంపేది వంట వేడి, కడగడం కాదు.

గిన్నె స్టీలు, గాజు, తిండికి పనికొచ్చే ప్లాస్టిక్ ఏదైనా సరే. అల్యూమినియం, కళాయి లేని రాగి, ఇత్తడి గిన్నెల్లో పులుపు పెట్టకండి, లోహం తిండిలోకి దిగుతుంది.

ఫ్రీజర్‌లో పెట్టొచ్చు. మసాలా పట్టించిన వెంటనే సంచిలో రెండు సెంటీమీటర్ల మందాన పలకలా పరిచి, గాలి తీసి పెట్టండి, తొందరగా గడ్డకట్టి తొందరగా కరుగుతుంది. ముందురోజు రాత్రి ఫ్రిజ్‌లోకి దింపితే కరిగే సమయంలోనే నానడం కూడా అయిపోతుంది. బొప్పాయి, అనాస, ఎక్కువ నిమ్మరసం ఉన్నవి ఇలా పెట్టకండి. చలికి ఎంజైమ్ ఆగుతుంది తప్ప చావదు, కరిగేటప్పుడు మళ్ళీ మొదలవుతుంది.

ఇంకొకరు

ఫోర్కుతో గుచ్చితే మసాలా లోపలికి పోతుందా? గాట్లు పెడితే?

మొదటి జవాబు ఇచ్చినవారు

గుచ్చిన రంధ్రాలు వెంటనే మూసుకుపోతాయి, లాభం చాలా తక్కువ. గాట్లు మాత్రం పనికొస్తాయి. ఎముకతో ఉన్న కాలికి ఒక్కోవైపు మూడేసి గాట్లు, ఒకటిన్నర సెంటీమీటర్ లోతు, పీచుకు అడ్డంగా. మసాలా ఆ సందుల్లోకి వేలితో నొక్కి పెట్టాలి, ఊరికే పైన రాస్తే పోదు. గాటు వల్ల వేడి కూడా ఎముకదాకా తొందరగా చేరుతుంది.

ప్రశ్న వేసినవారు

చేసి చూశాను. ఉప్పు లోపలిదాకా పట్టింది, పెనంలో నీళ్ళు రాలేదు. ఇదే ఉప్పు పద్ధతిలో కాలి ముక్కలు కూడా చేశాను, వాటిలో ఒకటి ఎముక పక్కన ఎర్రగా ఉంది. పచ్చిదా?

రెండో జవాబు ఇచ్చినవారు

థర్మామీటర్ 74 దాటి చూపిస్తే పచ్చిది కాదు. లేత కోళ్ళ ఎముక ఇంకా పూర్తిగా గట్టిపడదు, లోపలి మూలుగ రంగు వండేటప్పుడు బయటికి దిగి పక్క మాంసానికి పడుతుంది. ఫ్రీజర్‌లో ఉంచిన వాటిలో ఇది మరీ ఎక్కువ. థర్మామీటర్ లేకపోతే అక్కడ కోసి చూడండి. మాంసం జిగటగా, గాజులా మెరుస్తూ ఎముకను వదలకపోతే ఇంకో ఐదు నిమిషాలు మూతపెట్టి చిన్న మంట మీద ఉంచండి, పీచు తేలి ఎముక నుంచి సులువుగా ఊడివస్తే ఉడికినట్టే.