సమస్యాపూరణం: ఇల్లు లేనివారె యిలకు దిక్కు

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య ఆటవెలదిలో. వేమన నడిచిన దారే కాబట్టి ఎవరూ భయపడక్కర్లేదు. నాలుగో పాదం నేనిస్తున్నాను, ముందరి మూడూ మీవి.

ఇల్లు లేనివారె యిలకు దిక్కు

సందర్భం ఇది. లోకం ఒకసారి తుడిచిపెట్టుకుపోయింది. సినిమాల్లో అయితే ఆ తర్వాత మిగిలినవాళ్ళు నీళ్ళకూ పెట్రోలుకూ కొట్టుకు చస్తుంటారు. మనకు ఆ గోల వద్దు. ఎవరి మీదికీ పోకుండా, ఒకచోట నిలవకుండా, తిరుగుతూ బతికే ఒక గుంపు కావాలి. ఊహ అయినా సరే, నిజంగా ఉన్నవాళ్ళైనా సరే. ఒక్కటే షరతు. ఇల్లు లేనివాడికి దిక్కు లేదంటాం కదా, అతడే లోకానికి దిక్కెలా అయ్యాడు? ఆ 'ఎలా' మీ మూడు పాదాల్లో కనబడాలి.

కొత్తవారికి: లఘువులు (పొట్టి అక్షరాలు), గురువుల (పొడుగు అక్షరాలు, ఒత్తుకు ముందరివి) గుంపును గణం అంటాం. సూర్యగణాలు చిన్నవి, ఇంద్రగణాలు పెద్దవి. ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. రెండు, నాలుగు పాదాల్లో అయిదూ సూర్యగణాలే. నాలుగో గణం మొదటి అక్షరానికి యతి, అంటే అది పాదం మొదటి అక్షరంతో ధ్వనిలో జత కుదరాలి. కుదరకపోతే ప్రాసయతి, అంటే ఆ రెండుచోట్లా రెండో అక్షరం కలిసేలా, వేసుకోవచ్చు.

పెన్నేరు:
మాది నంద్యాల వైపు. ఊహించే పని లేకుండా మా ఇంటి దగ్గరి సంగతే రాస్తున్నాను.

నిప్పు బూది వాన నేలఁ గప్పిన నాడు
పుట్టి పెరుగు చోటు మట్టిఁ గలిసె
కదలి కదలి మనిన కర్నూలు తొలివారు
ఇల్లు లేనివారె యిలకు దిక్కు

సుమత్రా దీవిలో టోబా అనే అగ్నిపర్వతం సుమారు 74 వేల ఏళ్ళ కిందట పేలింది. ఇప్పుడక్కడ వంద కిలోమీటర్ల పొడవున్న సరస్సు ఉంది. ఆ బూడిద సముద్రం దాటి వచ్చి బనగానపల్లె దగ్గర జ్వాలాపురంలో, జుర్రేరు లోయలో పడింది. పడిన బూడిదకు వాన కొట్టుకొచ్చింది కూడా తోడై కొన్నిచోట్ల మనిషి ఎత్తు దాటి పేరుకుంది. మైఖేల్ పెట్రాగ్లియా, రవి కొరిశెట్టర్ బృందం అక్కడ తవ్వి, 2007లో 'సైన్స్' పత్రికలో రాశారు. బూడిద పొర కిందా రాతి పనిముట్లు దొరికాయి, పైనా దొరికాయి. రెండూ ఇంచుమించు ఒకే తీరువి. అంటే అంత ప్రళయం తర్వాత కూడా అక్కడ మనుషులు తిరిగారు. ఊరి పేరులోనే జ్వాల ఉండటం మాత్రం కాకతాళీయం.

గోగుపువ్వు:
'పుట్టి-మట్టి' ప్రాసయతి ముచ్చటగా పడింది తమ్ముడూ. అయితే 74 వేల ఏళ్ళ కిందట కర్నూలు ఎక్కడిది? పేరు తప్పదనుకుంటే పాత పేరన్నా వెయ్యి. 'కదలి కదలి మనిన కందనోలు జనులు' అంటే గణాలూ సరిపోతాయి, యతీ చెడదు.

పెన్నేరు:
కందనోలు కూడా అప్పటికి లేదు కదక్కా!

గోగుపువ్వు:
లేదు. కానీ చెవికి బాగుంది కదా.

నిర్వాహకుడు:
గణాలకు ఢోకా లేదు. నా అభ్యంతరం వేరు. పద్యం కింద రాసిన వచనంలో అసలు సంగతి ఉంది, పద్యంలో లేదు. బూడిద కిందా పైనా ఒకే పనిముట్టు అన్నారే, ఒళ్ళు జలదరించింది. దాన్ని బయట వదిలేసి 'తొలివారు' అని సరిపెట్టారు. మళ్ళీ ప్రయత్నించండి, తొందరేం లేదు.

విభూతి:
నేను పాత పద్ధతి మనిషిని. సమస్య అంటే దేవుడి దగ్గరికి వెళ్ళక తప్పదు.

బూది పూసికొనెడి పురహరుఁ డొక్కండె
ప్రళయ వేళ మిగులు వల్లకాట
గట్టుపట్టి మగడు, కట్టుబట్టయు లేదు
ఇల్లు లేనివారె యిలకు దిక్కు

తెల్లకాగితం:
మాస్టారూ, 'కట్టుబట్టయు లేదు' దగ్గర పెద్దగా నవ్వేశాను. శివుడు ఏమీ అనుకోడు లెండి.

నిర్వాహకుడు:
మాస్టారూ, ధార మీది. బకారానికి పకారం, పకారానికి వకారం చక్కగా చెల్లాయి. 'గట్టు-కట్టు' అయితే యతీ ప్రాసా రెండూ పలికించింది. కానీ మేం అడిగింది ఒక గుంపును. మీరు ఒక్కడినే తెచ్చారు. పైగా రెండో పాదంలో 'మిగులు' అని ఏకవచనం, నాలుగో పాదంలో 'వారె' అని బహువచనం.

విభూతి:
గౌరవ బహువచనం అనుకోండి. గుంపే కావాలంటే ప్రమథగణాలు ఎప్పుడూ ఆయన వెంటే ఉంటాయి, పద్యంలో చోటు చాలక బయట నిలబడ్డాయి.

గోగుపువ్వు:
నాది అగ్ని కథ కాదు, నీటి కథ. థాయిలాండ్ సూరిన్ దీవుల్లో మోకెన్ అనే సముద్ర సంచారులు ఉన్నారు. కబాంగ్ అనే పడవే ఒకప్పుడు వాళ్ళకు ఇల్లు, వాకిలి. వానాకాలం మాత్రం ఒడ్డున గుడిసెలు వేసుకునేవాళ్ళు. 2004 డిసెంబర్ 26న సముద్రం ఉన్నట్టుండి వెనక్కి పోతే వాళ్ళ పెద్దలు గుర్తుపట్టారు. 'లబూన్' అనే మనుషుల్ని మింగే అల గురించి తాతల కాలం నుంచీ కథలు చెప్పుకునేవారట. అందరినీ కేకేసి ఎత్తు మీదికి ఎక్కించారు. గుడిసెలూ పడవలూ పోయాయి, మనుషులు దాదాపు అందరూ మిగిలారు.

కడలి వెనుకకేగఁ గనుగొన్న మోకెన్లు
పడవ విడిచి కొండపైకి నురికి
అలను గెలిచినారు, ఆస్తి లేదనబోకు
ఇల్లు లేనివారె యిలకు దిక్కు

విభూతి:
అమ్మా, మూడో పాదం నడుమ 'ఆస్తి' అని అచ్చు విడిగా నిలబడింది. 'గెలిచినారు' ఉకారాంతం కాబట్టి సంధి తప్పనిసరి, చేస్తే గణం మారిపోతుంది. 'అలను దాటినారు హాని లేకయె వారు' అంటే సరి. అకారానికి హకారం యతి చెల్లుతుంది, సందేహం అక్కర్లేదు.

గోగుపువ్వు:
నమస్కారం మాస్టారూ, దిద్దుకుంటాను. 'ఆస్తి లేదనబోకు' అని ఎవరినో దెబ్బలాడినట్టుగా కూడా ఉంది, పోవడమే మంచిది.

చెరువుకట్ట:
'కడలి వెనుకకేగఁ గనుగొన్న' దగ్గర 'ఎలా' దొరికింది. అల సంగతి వాళ్ళ కథల్లో ఉంది కాబట్టి బతికారు. నిర్వాహకులు అడిగింది ఇదే అనుకుంటాను. కాకపోతే వాళ్ళ ప్రాణం వాళ్ళు కాపాడుకున్నారు సరే, 'యిలకు' దిక్కెలా అయ్యారు?

గోగుపువ్వు:
ఆ కథ విన్న లోకమంతా ఇప్పుడు సముద్రం వెనక్కి పోతే పరుగెత్తాలని తెలుసుకుంది కదండీ. అయినా మీ ప్రశ్న న్యాయమే, పద్యంలో అది రాలేదు.

చెరువుకట్ట:
మా వైపు ప్రళయమంటే కరువే. 1876లో మొదలైన ధాత కరువు మాట ఇప్పటికీ పెద్దల నోట వినిపిస్తుంది. నా పూరణ గొర్రెల కాపరుల మీద.

చినుకు లేక చేను చిగురించని దినాన
మంద తోడి తెచ్చి మడుల నిలిపి
ఎరువు పోసి మనకు కరువు దీర్చినయట్టి
ఇల్లు లేనివారె యిలకు దిక్కు

పెన్నేరు:
అన్నా, చినుకే లేకపోతే ఎరువు పోసి ఏం చేస్తాం? మా నాన్న చదివితే ఇదే అడుగుతాడు. మంద కట్టించేది కోతలయ్యాక, ఖాళీ చేలల్లో. రాత్రంతా గొర్రెలు పడుకుంటే పెంటికలూ మూత్రమూ నేలకు పడతాయి, తొలకరికి పనికొస్తాయి. కాపరికి ధాన్యమో డబ్బో ఇస్తాం.

చెరువుకట్ట:
దొరికిపోయాను. ఇలా మారిస్తే? 'కోతలైన చేలఁ గొరగాని యెండలో'.

పెన్నేరు:
ఇప్పుడు రైతు ఒప్పుకుంటాడు.

నిర్వాహకుడు:
నేనూ ఒప్పుకుంటాను. గొర్రెకు మేత, చేనుకు ఎరువు, ఇద్దరి మధ్యా తగాదా లేదు. సంచారికీ ఊరికీ ఉన్న బేరం అంతా అందులో ఉంది. ప్రళయం మాత్రం పలచబడింది.

తెల్లకాగితం:
అందరూ ప్రళయాల్లో మునిగారు, కాస్త తేరుకోండి.

ఓనరమ్మ తిట్టు లోర్చుచు నద్దెలు
నెలకు నెలకు గట్టి నెట్టుకొచ్చు
బ్యాంకు లోను కట్టు బాబుల కీనాడు
ఇల్లు లేనివారె యిలకు దిక్కు

మాలాంటి అద్దెవాళ్ళు లేకపోతే ఓనర్ల ఈఎమ్ఐలు ఎవరు కడతారండీ? ఇప్పటికి తొమ్మిది ఇళ్ళు మారాను. నాకు మించిన సంచార జాతి ఎక్కడుంది?

విభూతి:
హాయిగా నవ్వించారు. కానీ 'బాబులకు' ఒకటి, 'ఇలకు' ఒకటి. దిక్కు ఎవరికి? ఇద్దరికీ అంటే మధ్యలో 'ను' ఉండాలి. ఇప్పుడు 'ఇలకు' కొత్త అద్దెవాడిలా గుమ్మంలో సామాను పట్టుకుని నిలబడింది.

తెల్లకాగితం:
అడ్వాన్సు ఇవ్వలేదేమో మాస్టారూ.

కొత్తచిగురు:
అందరికీ నమస్కారం. ఇది నా మొదటి పద్యం, కొంచెం టెన్షన్‌గా ఉంది. కరెంటు, ఫోన్లు ఏవీ లేని రోజు వస్తే ఎలా ఉంటుందా అని ఊహించి రాశాను. తప్పులుంటే చెప్పండి.

మేడలన్ని కూలిపోయినప్పుడు
నడచువారి వెంట నడిచె వెలుగు
విత్తనాల మూట వీపున మోసెడు
ఇల్లు లేనివారె యిలకు దిక్కు

నిర్వాహకుడు:
బాబూ, 'నడచువారి వెంట నడిచె వెలుగు' నువ్వే రాశావా! మొదటి పాదం మాత్రం చెడింది. 'మేడ-లన్ని-కూలి' దాకా మూడు సూర్యగణాలు బాగున్నాయి. 'పోయిన' నాలుగో గణం, ఒత్తు వల్ల చివరి 'న' గురువై రగణం (గురువు, లఘువు, గురువు) అయింది, పర్వాలేదు. తర్వాత 'ప్పుడు' రెండు లఘువులే మిగిలాయి, ఇంద్రగణం కాదు. 'మే'కు 'పో' యతి కూడా కుదరదు.

కొత్తచిగురు:
'మేడలెన్నొ కూలె, మీటలు పనిమానె' అంటే?

విభూతి:
భేష్! ఏకారానికి ఈకారం యతి. స్విచ్చికి 'మీట' అనడం ఎంత బాగుంది! ఇంకో చిక్కుంది నాయనా. మూడో పాదం చివర 'మోసెడు' విశేషణం. అది పక్కనే ఉన్న 'ఇల్లు' మీద పడుతుంది. వీపు మీద మోసే ఇల్లు లేనివారు, అంటే నత్త కానివారు అని అర్థం వస్తుంది! 'మోసిరి' అని క్రియతో ఆపెయ్. చెరువుకట్టగారి 'దీర్చినయట్టి'కీ ఇదే జబ్బు, ఆయన 'కరువు దీర్చిరి గద' అనుకుంటే పోతుంది.

చెరువుకట్ట:
అనుకున్నాను మాస్టారూ.

గోగుపువ్వు:
ఒకటి అడుగుతాను. శాంతంగా బతికే గుంపు అన్నారు. ఇన్ని పద్యాల్లో శాంతి అన్న మాట ఒక్కటీ లేదేం?

నిర్వాహకుడు:
మాట రానక్కర్లేదు. ఈ అబ్బాయి పద్యంలో వీపున ఉన్నది విత్తనాల మూట. లోకమంతా కూలాక బల్లెం పట్టుకోకుండా విత్తనం మోసేవాడు ఎలాంటివాడో చదివినవాళ్ళకు తెలుస్తుంది. ఇంకో సంగతి గమనించారా? ఒకచోట నిలవనివాడికి విత్తనం ఎందుకు? మళ్ళీ ఆ దారిన వచ్చేసరికి పండుతుందనో, వెనక వచ్చేవాడు తింటాడనో. 'యిలకు' అన్న మాటకు అక్కడ జవాబు దొరికింది. ఈ వారం నా ఓటు దీనికే.

కొత్తచిగురు:
అంత ఆలోచించి రాయలేదు సార్. మా నానమ్మ ఊరు మారినప్పుడల్లా చిక్కుడు గింజలు కొంగున కట్టుకుని వెళ్ళేది, అదే రాశాను.

పెన్నేరు:
మూడు రోజులు తిప్పలు పడి మళ్ళీ వచ్చాను. ఈసారి కర్నూలూ లేదు, కందనోలూ లేదు.

బూది క్రింద రాయి, బూది పైనను రాయి
చెక్కినట్టి చేయి చెదరలేదు
కోట గోడ నమ్ము కొలువు లెటకుఁ బోయె
ఇల్లు లేనివారె యిలకు దిక్కు

నిర్వాహకుడు:
ఇదీ కావలసింది! మొదటి పాదంలో తవ్వకం గోతి మొత్తం కనబడింది. ఓటు ముందే వేసేశాను, లేకపోతే గొడవయ్యేది.

విభూతి:
'బూది' రెండుసార్లు, 'రాయి' రెండుసార్లు. పునరుక్తి దోషం అనబోయి ఆగాను. ఆ పొరలు అలాగే ఉంటాయి కదా, ఉండనీ.

కొత్తచిగురు:
అన్నా, తప్పుగా అనుకోకండి. 'చెక్కినట్టి చేయి' అంటే రాయిని చెక్కిన చెయ్యా, ఎవరో చెక్కిన చెయ్యా? ఇందాక మాస్టారు నాకు చెప్పిన చిక్కే ఇక్కడా ఉందేమో. 'చెక్కు చేతి నేర్పు చెదరలేదు' అంటే గణాలు సరిపోతున్నాయి, వేళ్ళ మీద రెండుసార్లు లెక్కపెట్టాను.

పెన్నేరు:
సరిపోయాయి తమ్ముడూ. దిద్దేశాను.