తెల్లవారుజాము డ్యూటీ చేసేవారు దేవునికి దగ్గరగా బ్రతకడం ఎలా?

తొలి ట్రిప్పు (ప్రశ్న)

ప్రభువు నామమున అందరికీ వందనాలు. నేను ఖమ్మం జిల్లాలో 11 ఏళ్లుగా బస్సు కండక్టరుగా పనిచేస్తున్నాను. మొదటి షిఫ్టు పడిన వారమంతా తెల్లవారుజామున 3 గంటలకు లేచి, పిల్లలిద్దరికీ వంట చేసిపెట్టి, నాలుగున్నరకల్లా డిపోలో ఉండాలి. పెళ్లికి ముందు మా అమ్మగారింట్లో ఉన్నప్పుడు రోజూ తెల్లవారకముందే లేచి, ఒక అధ్యాయం చదువుకొని, అరగంట మోకాళ్లూనేదాన్ని. అప్పట్లో దేవుడు నా పక్కనే ఉన్నాడన్నట్టు ఉండేది. ఇప్పుడు రాత్రి 9 గంటలకు బైబిలు తెరిస్తే రెండో వచనం దగ్గరే కళ్లు మూతపడుతున్నాయి. ఆదివారం డ్యూటీ పడితే ఆరాధన కూడా తప్పిపోతుంది. మా సంఘంలోని పెద్దవాళ్లు దినంలో తొలి గడియ ప్రభువుకు ఇవ్వనివారు ఆత్మీయంగా ఎదగరని పదేపదే చెబుతుంటారు. ఆ మాట వింటున్నప్పుడల్లా నా తొలి గడియ అన్నం గిన్నెకూ టిఫిన్ డబ్బాలకూ పోతోందే అని కుంగిపోతున్నాను.

ఇంకొక సంగతి కూడా ఉంది. ఇది చెప్పాలా వద్దా అని ఆలోచించాను, కానీ దాచి అడిగితే సరైన జవాబు రాదనిపించి రాస్తున్నాను. 2023 డిసెంబరులో ఆడవారికి ఉచిత ప్రయాణం మొదలైనప్పటి నుంచి మా రూటులో కాలు పెట్టే చోటు ఉండదు. జీరో టికెట్టు అయినా ప్రతి ఒక్కరి కార్డూ చూసి టికెట్టు కొట్టాల్సిందే. మూడు వారాల క్రితం ఒక ముసలమ్మ ఆధార్ కార్డు ఇంట్లో మరిచిపోయి వచ్చింది. వెనక జనం తోస్తున్నారు, నేను విసుగులో నలుగురిలో ఆమెను గట్టిగా మాట్లాడి 60 రూపాయల టికెట్టు కొట్టాను. ఆమె వంద నోటు ఇస్తే, చిల్లర లేక టికెట్టు వెనక 40 అని రాసిచ్చాను. ఆమెకు చదువు రాదు కాబోలు. తన స్టేజీ రాగానే చిల్లర అడగకుండానే దిగి వెళ్లిపోయింది. డిపోలో లెక్క చూసుకున్నప్పుడు ఆ 40 రూపాయలు మిగిలాయి, అవి నా దగ్గరే ఉండిపోయాయి. అప్పటి నుంచి ప్రార్థనలో మాట రావడం లేదు. ఇది అలసట వల్లనా, తొలి గడియ ఇవ్వనందువల్లనా నాకు తెలియడం లేదు. నావంటి పని చేసేవాళ్లు దేవునికి దగ్గరగా ఎలా ఉంటున్నారో చెప్పగలరా?

కువైటు వంటగది

వందనాలు చెల్లీ. నేను గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇక్కడ ఒక ఇంట్లో పనిచేస్తున్నాను. ఈ దేశంలో వారపు సెలవు శుక్రవారం కాబట్టి మా తెలుగువాళ్ల ఆరాధన కూడా శుక్రవారమే జరుగుతుంది, అది కూడా ఆ రోజు యజమానులు బయటికి పంపితేనే. వచ్చిన కొత్తలో ఆదివారం పూట పాత్రలు తోముతూ, ఇంటి దగ్గర మందిరంలో ఈ వేళకు ఏ పాట పాడుతుంటారో తలుచుకొని ఏడ్చేదాన్ని. ఏ రోజున చేసినా అది ఆరాధనే అని మనసుకు నచ్చచెప్పుకోవడానికి నాకు ఏడాది పట్టింది.

నేను చేసేది చాలా చిన్న పని. ఒక వచనాన్ని కాగితం మీద రాసి గిన్నెలు తోమే చోట అతికిస్తాను, వారమంతా అదే ఉంటుంది. సోమవారం అది వట్టి మాటలాగే ఉంటుంది, గురువారానికి నాతో మాట్లాడుతున్నట్టు ఉంటుంది. నీకు బస్సులో కాగితం కుదరకపోతే టికెట్ల మిషను సంచి లోపల పెట్టుకో. నిద్ర వస్తున్నప్పుడు చదవాలని పట్టుపట్టవద్దు, ఫోనులో వాక్యం పెట్టుకొని విను. ముసలమ్మ సంగతి గురించి మాత్రం నాకన్నా తెలిసినవాళ్లు చెప్పాలి.

ఉదయకాలపు కావలి

సహోదరి గారికి వందనాలు. పై సలహా ప్రేమతో ఇచ్చినదే అయినా, ఇటువంటి మాటలు విన్నప్పుడు నాకు ఒక భయం కలుగుతుంది. పనిలోనే ప్రార్థన ఉంది అనుకోవడం మొదలుపెట్టినవారిలో చాలామంది కొన్నాళ్లకు ప్రార్థన మాని పని ఒక్కటే చేస్తున్నారు; ఇరవై ఏళ్లు సంఘ పెద్దగా ఉండి నేను చూసిన సంగతి ఇది.

నెహెమ్యా ఉదాహరణ తీసుకోండి. రాజుకు ద్రాక్షారసపు గిన్నె అందించే ఉద్యోగంలో ఉండగా, నీకేమి కావాలని రాజు అడిగితే, ఆ ప్రశ్నకూ తన జవాబుకూ మధ్య ఆయన ఆకాశమందలి దేవునికి ప్రార్థించాడని రెండో అధ్యాయం 4వ వచనం చెబుతుంది. డ్యూటీలో క్షణకాలపు ప్రార్థన చాలునని చెప్పడానికి అందరూ ఈ వచనాన్ని చూపిస్తారు. కానీ మొదటి అధ్యాయం కిస్లేవు నెలలో మొదలవుతుంది, రెండోది నీసాను నెలలో జరుగుతుంది. అంటే ఆ క్షణకాలపు ప్రార్థన వెనుక సుమారు నాలుగు నెలల కన్నీరూ ఉపవాసమూ ఉన్నాయి. వంటగదిలో దేవుని సన్నిధిని అభ్యసించినవాడని పేరుపొందిన 17వ శతాబ్దపు పారిస్ మఠవాసి బ్రదర్ లారెన్స్ కూడా, మొదటి పదేళ్లు తాను ఎంతో మనోవేదన పడ్డానని తన ఉత్తరంలో ఒప్పుకున్నాడు. సులువుగా దొరికిన సన్నిధి కాదది.

నేను పదిన్నరకు తెరిచే ఆఫీసులో ఉద్యోగం చేసినవాణ్ని కాబట్టి తెల్లవారుజాము గురించి మీకు ఉపదేశం చేసే అర్హత నాకు లేదని నాకు తెలుసు. అయితే ఒక నిర్ణీత సమయం మాత్రం వదులుకోవద్దు. షిఫ్టు దిగి కలెక్షను కట్టిన తర్వాత, ఇల్లు చేరకముందే, డిపోలోనో దారిలో ఉన్న మందిరంలోనో పది నిమిషాలు కూర్చోండి. ఇల్లు చేరాక ఆ పది నిమిషాలు మీవి కావు. రోజుకొక కీర్తన చొప్పున చదివినా 150 కీర్తనలు ఐదు నెలల్లో పూర్తవుతాయి. 119వ కీర్తన 176 వచనాలు ఉంది కనుక దానికి మాత్రం మరికొన్ని రోజులు కేటాయించుకోవచ్చు.

ఆ 40 రూపాయలను వచ్చే ఆదివారం కానుకల పెట్టెలో వేసి, ప్రభువు దగ్గర ఒప్పుకొని, మనసును తేలిక చేసుకోండి.

లెక్కల మాస్టారు

అమ్మా, నేను పల్నాడు వైపు బడిలో లెక్కలు చెప్పి విశ్రాంతి తీసుకున్నవాణ్ని, లూథరన్ సంఘస్థుణ్ని. పెద్దలు కావలి గారు చెప్పిన నెహెమ్యా సంగతి నాకు బాగా నచ్చింది, పది నిమిషాల సలహాతో కూడా నేను ఏకీభవిస్తున్నాను. తొలి గడియ విషయంలోనూ కానుకల పెట్టె విషయంలోనూ మాత్రం ఏకీభవించలేను.

ముందుగా గడియ సంగతి. యేసు ప్రభువు ఇంకా చీకటి ఉండగానే లేచి ప్రార్థించాడని మార్కు 1:35లో ఉన్న మాట నిజమే. అదే ప్రభువు కొండమీద రాత్రంతా ప్రార్థించాడని లూకా 6:12 చెబుతుంది. దానియేలు దినానికి ముమ్మారు మోకాళ్లూనాడు. పేతురు మిద్దె మీదికి ఎక్కి ప్రార్థించింది మధ్యాహ్నం, పౌలు, సీలలు చెరసాలలో కీర్తనలు పాడింది అర్ధరాత్రి. ఏ గడియకు ఆ గడియ తెరిచే ఉన్న తలుపును ఉదయానికి మాత్రమే తెరిచే తలుపుగా మనం మార్చుకున్నాం. ఆ మాట చెప్పిన మీ సంఘపు పెద్దవాళ్లను నేను తప్పుపట్టడం లేదు. వాళ్లలో చాలామంది తెల్లవారగానే పొలానికి పోవలసినవారు గనుక, వాళ్లకు మిగిలిన ఒకే ఒక ఏకాంతం ఆ చీకటి వేళే. మా అమ్మకు అక్షరం ముక్క రాదు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట పైన అచ్చువేసిన రాగతాళాల పేర్లు కూడా ఆమెకు తెలియవు. అయినా నాట్లు వేసేటప్పుడు వంగిన నడుముతో ఆ పాటలే మొదటి చరణం నుంచి చివరి చరణం దాకా పాడేది. మోకాళ్లూని అరగంట ప్రార్థించడం నేను ఆమెలో ఎన్నడూ చూడలేదు.

ఇక మీ అలసట. ప్రార్థన ఎండిపోయిన ప్రతిసారీ దాని వెనుక పాపం ఉందని వెతకనవసరం లేదు. ఏలీయా చచ్చిపోతానని చెట్టు కింద పడుకున్నప్పుడు దేవదూత ఆయనకు ప్రసంగం చేయలేదు. రొట్టె, నీళ్లు ఇచ్చి, మళ్లీ పడుకోనిచ్చి, మళ్లీ లేపి తినమన్నాడు. 88వ కీర్తన చీకటి అన్న మాటతోనే ముగుస్తుంది, దాన్నీ దేవుడు తన గ్రంథంలో ఉండనిచ్చాడు. మూడు గంటలకు లేచిన మనిషికి రాత్రి తొమ్మిదికి నిద్ర రావడం శరీరధర్మం, దానికి పశ్చాత్తాపం అక్కరలేదు.

అయితే అమ్మా, మీ ఉత్తరంలో మాట రావడం లేదని మీరు రాసింది నిద్ర గురించి చెప్పిన చోట కాదు, ముసలమ్మ గురించి చెప్పిన చోట. అందుకని ఆ సంగతి దగ్గర కాసేపు నిలవాలనుకుంటున్నాను. లేవీయకాండము 19వ అధ్యాయం ఒకసారి తీయండి. నేను పరిశుద్ధుడను గనుక మీరును పరిశుద్ధులై ఉండవలెనని దేవుడు 2వ వచనంలో మొదలుపెడతాడు. అంత పెద్ద మాట తర్వాత ఉపవాసాల గురించీ రాత్రి జాగరణల గురించీ చెబుతాడేమో అనుకుంటాం. చెప్పేదేమో పొలం అంచున పరిగె వదలమని, కూలి తెల్లవారేదాకా ఆపుకోవద్దని, తల నెరసినవారి ఎదుట లేచి నిలబడమని, ఆ తర్వాత మూడు వచనాలకే త్రాసులూ గుండ్లూ న్యాయంగా ఉండాలని. నిన్నువలె నీ పొరుగువాణ్ని ప్రేమించమని ప్రభువు ఎత్తిచూపిన ఆజ్ఞ కూడా ఈ అధ్యాయంలోదే. నెరసిన తలా, లెక్కలో న్యాయమూ మీ బస్సులో ఒకే టికెట్టు దగ్గర కలిశాయి. దేవుడు మీకు దూరమైపోయాడని మీరు అనుకుంటున్నారు. నాకైతే ఆయన ఈ మూడు వారాలుగా మీకు మరీ దగ్గరగా నిలబడి, ఆ ఒక్క సంగతి గురించే మాట్లాడుతున్నాడనిపిస్తోంది.

కానుకల పెట్టె మాటకు వస్తే, దానికి ధర్మశాస్త్రంలోనే సూటిగా జవాబుంది. సంఖ్యాకాండము 5:7-8 ప్రకారం, తప్పు ఒప్పుకొని, అసలు సొమ్ముకు ఐదో వంతు కలిపి, ఎవరికి నష్టం చేశామో వారికే ఇవ్వాలి. తీసుకోవడానికి వారి తరఫు బంధువు ఎవరూ లేనప్పుడు మాత్రమే అది యాజకునికి చేరుతుంది. 40కి ఐదో వంతు 8, మొత్తం 48. మనం కృపలో ఉన్నవాళ్లం గనుక ఆ 8 రూపాయలు చట్టప్రకారం బాకీ అని నేను అనను, కానీ వరుస మాత్రం ముఖ్యం: ముందు ముసలమ్మ, తర్వాతే పెట్టె. మత్తయి 5:23-24లో ప్రభువు చెప్పిన వరుస కూడా ఇదే. అర్పణను బలిపీఠం ఎదుటే వదిలి ముందు వెళ్లి సమాధానపడమన్నాడు.

ఉదయకాలపు కావలి

మాస్టారు గారూ, పెట్టె విషయంలో నేను తొందరపడ్డానని ఒప్పుకుంటున్నాను. సంఖ్యాకాండములోని ఆ వరుస నాకు తట్టలేదు. అయితే ఒక సందేహం. వందల మంది ఎక్కి దిగే బస్సులో పేరైనా తెలియని మనిషిని ఎక్కడని వెతకాలి? దొరకకపోతే ఈమె జీవితాంతం ఆ బరువు మోయాలా?

లెక్కల మాస్టారు

వెతకడం మన వంతు. వెతికినా దొరకకపోతే అప్పుడు మీరు చెప్పిన పెట్టె ఉంది, లేదా కార్డు మరిచిపోయి వచ్చిన మరో ముసలమ్మ టికెట్టు ఉంది. వెతకకుండానే పెట్టె దగ్గరికి పోవడం ఒక్కటే నేను వద్దన్నది.

తొలి ట్రిప్పు

అందరికీ వందనాలు. జవాబు ఆలస్యమైనందుకు క్షమించండి, ఈ వారమంతా మొదటి షిఫ్టే. కువైటు అక్క చెప్పినట్టు ఒక వచనం రాసి సంచిలో పెట్టుకున్నాను. కావలి గారు చెప్పిన పది నిమిషాలు నాలుగు రోజులు కుదిరాయి. డిపోలో రెస్టు గది వెనక వేపచెట్టు కింద బెంచీ ఉంది, అక్కడ కూర్చుంటున్నాను. ఒకరోజు కూర్చున్నచోటే నిద్రపోయాను. ఏలీయా సంగతి చదివి ఉన్నాను కాబట్టి లేచాక బాధపడలేదు.

మాస్టారు గారూ, మీ ఉత్తరం చదివి రెండు రోజులు మీ మీద కోపంగా ఉన్నాను. తొలి గడియ ఇవ్వలేకపోయానని ఏడవడం నాకు సులువుగా ఉంది, ఆ ముసలమ్మ ముఖం గుర్తుచేసుకోవడం మాత్రం కష్టంగా ఉంది. మూడో రోజున, ఆమె దిగిన స్టేజీలో ట్రిప్పు ఆగినప్పుడు, అక్కడ పూలు అమ్మే ఆమెను అడిగాను. చేతికర్ర, ఆకుపచ్చ చీర, ఎడమ కంటికి ఆపరేషను అని గుర్తులు చెబితే వెంటనే పోల్చుకుంది. ఊళ్లో ఉండదట, లోపల మూడు కిలోమీటర్ల దూరంలో ఒక తండాలో ఉంటుందట, ప్రతి గురువారం సంతకు చింతపండు తెస్తుందట.

వచ్చే గురువారం నాకు ఆ రూటు లేదు. తోటి కండక్టరును అడిగి డ్యూటీ మార్పించుకున్నాను. 48 రూపాయలు విడిగా కట్టి పెట్టాను. ఆమెతో ఏమని మాట మొదలుపెట్టాలో ఇంకా తెలియడం లేదు, ప్రార్థించండి.