1:24 రేసు కారు: పైన క్లియర్ కొట్టాలా, వద్దా?

కొత్తచేయి: అందరికీ నమస్కారం. 1960ల నాటి రేసు కారు మోడల్ కిట్ చేస్తున్నాను, 1:24 స్కేలు, అంటే అసలు కారులో 24వ వంతు. పింక్ ప్రైమర్ మీద ఎరుపు లాకర్ (త్వరగా ఆరే రంగు) కొట్టాను. రంగు బాగా పట్టింది కానీ అక్కడక్కడా నారింజ తొక్కలా గరుకుగా ఉంది. నంబర్ల డెకాల్స్ (పలచటి అంటింపు బొమ్మలు) కూడా అతికించేశాను. ఇప్పుడు 2కే క్లియర్ (గట్టిపరిచే ద్రవం కలిపి కొట్టే రంగులేని పై పూత) కొట్టి పాలిష్ చెయ్యమని ఒకరు, ఇలాగే వదిలెయ్యమని ఇంకొకరు అంటున్నారు. మీరేమంటారు?

గ్రిట్2000: సందేహమే వద్దు, క్లియర్ కొట్టండి. వదిలేస్తే డెకాల్ అంచులు మెట్లలా కనిపిస్తాయి. పూర్తిగా గట్టిపడ్డాక 2000 నంబరు నీటి కాగితం (తడిపి రుద్దే గరుకు కాగితం), తర్వాత ఇంకా నున్నటి 3000, ఆపైన కాంపౌండ్ (పాలిష్ ముద్ద) ముతక నుంచి మెత్తదానికి. మడ్‌గార్డ్ అంచుల మీద మాత్రం చెయ్యి ఆపుకోండి, అక్కడ పొర పలచగా ఉంటుంది, ఇట్టే కింద ప్రైమర్ తేలుతుంది. అయ్యాక బానెట్‌ని ట్యూబ్‌లైట్ కింద పెట్టండి. లైటు గీత వంకర పోకుండా కనిపిస్తే పని అయినట్టు.

పాతబండి: ఆ గీత వంకర లేకుండా కనిపించిందంటే అది 1960ల కారు కాదు. రంగు మీద విడిగా క్లియర్ వెయ్యడం మామూలు కార్లలో బాగా వ్యాపించిందే 1980లలో. ఇక స్కేలు లెక్క చూద్దాం. అసలు కారు మీద రంగు పొరలన్నీ కలిపి సుమారు 0.1 మి.మీ. మీరు మోడల్ మీద అంతే మందం క్లియర్ కొడితే అది అసలు కారు మీద 2.4 మి.మీ. పూత వేసినట్టు! తలుపు సందు 5 మి.మీ. అనుకున్నా మోడల్‌లో అది 0.2 మి.మీ. రెండు అంచులకీ 0.1 చొప్పున పడితే ఇక సందు ఎక్కడుంది?

గ్రిట్2000: 0.1 ఎవరు కొడతారండీ? పైగా మీ లెక్కే పట్టుకుంటే మోడల్ మీద రంగంతా కలిపి 0.005 మి.మీ. లోపు ఉండాలి. మీ ప్రైమర్ ఒక్కటే అది దాటుతుంది. మరి ప్రైమర్ కూడా మానేస్తారా? రంగుకి ముందే ప్యానెల్ గీతల్ని (తలుపు, బానెట్ సందుల్ని చూపే గాడుల్ని) స్క్రైబర్ అనే సూది మొన పనిముట్టుతో కాస్త లోతు చేసుకుంటే సందు పూడుకుపోదు.

స్ప్రేబూత్: మీరిద్దరూ తర్వాత కొట్టుకోండి. కొత్తచేయి గారూ, 2కే గట్టిపరిచే ద్రవంలో ఐసోసయనేట్లు ఉంటాయి. ముక్కుకి గుడ్డ కట్టుకుంటే సరిపోదు. ఒకసారి ఒంటికి పడకుండా పోతే ఇక ఎప్పటికీ పడవు, ఆస్తమా దాకా పోవచ్చు. సరైన మాస్కు, గాలి బయటికి లాగే ఏర్పాటు లేకపోతే మామూలు లాకర్ క్లియర్‌తో సరిపెట్టుకోండి.

రెండోపొర: 2019 ఫెరారీ ఎస్‌ఎఫ్90 ఫార్ములా వన్ కారుది మ్యాట్ (మెరుపు లేని) రంగే కదా, దానికీ ఇలాగే మెరుపు పెడతారా?

గ్రిట్2000: మ్యాట్ కారుకి మ్యాట్ క్లియరే కొడతాం. ఇక్కడ అడిగింది ఎర్ర కారు గురించి, మెరిసే ఎర్ర కారు.

పాతబండి: మెరిసేదే, కాదనలేదు. ఎంత మెరవాలన్నదే ప్రశ్న. ఒక పోటీలో నా కారు పక్కన అద్దంలాంటిది ఒకటి పెట్టారు. దాని గ్రిల్ సందులు క్లియర్‌తో పూడుకుపోయాయి, ప్యానెల్ గీతల్లో తెల్లటి కాంపౌండ్ ఎండిపోయి ఉంది. టూత్‌పిక్ పెట్టి తీసినా పోయేదే, ఆ పాటి పని కూడా చెయ్యలేదు. జడ్జి టార్చ్ వేసి రెండూ చూసి నాది "డల్‌గా ఉంది" అన్నారు. పాత ఫొటోలు ముందు పెట్టుకుని ఆ మెరుపు అంతవరకే తెచ్చాను నేను. ఎవరికి చెప్పుకోను?

గ్రిట్2000: అదీ సంగతి. ఆ జడ్జి మీద కోపం మా అందరి మీదా చూపిస్తున్నారు. నా కారు ఫొటో పెట్టిన ప్రతిసారీ "బొమ్మలా ఉంది" అని కామెంట్ పెట్టేది మీరు కాదా? ఆ పాలిష్‌కి వేళ్లు పగిలాయి నాకు. అది బొమ్మా?

పాతబండి: బొమ్మ అన్నాను, ఇప్పుడూ అంటాను. ఆ కారు ట్రాక్ మీద ఎలా ఉందో అలా కనిపించాలి. అది చూస్తే మనిషికి ఆ కారు గుర్తుకు రావాలి, మీ పాలిష్ కాదు.

గ్రిట్2000: నాకు పాలిష్ గుర్తుకు రావాలి. అంత సాఫీగా ఒక పొరని తీసుకురావడం చేతిపని. దాన్ని దాచుకోమంటే నేనెందుకు చెయ్యాలి? అసలు కారు చూడాలనుకున్నవాళ్లకి ఫొటోలున్నాయి.

పాతబండి: ఈ మాట మొదటే అనాల్సింది. మీరు మీ చేతిపనికి మోడల్ కడుతున్నారు, నేను ఆ కారుకి కడుతున్నాను. ఇక మైక్రాన్ల లెక్కతో పనేముంది? కానీ ఒక మాట, పోటీలో ఈ రెండింటినీ ఒకే టేబుల్ మీద పెట్టడం అన్యాయం.

గ్రిట్2000: దానికి నేనూ సంతకం పెడతాను.

కొత్తచేయి: అయ్యా, నాకు మెరుపు అంత వద్దు కానీ డెకాల్ అంచులు కనిపించకూడదు. మాస్కు లేదు కాబట్టి లాకర్ క్లియరే. డెకాల్స్ పాడవకుండా ఎలా కొట్టాలి?

స్ప్రేబూత్: ముందు పొడిపొడిగా, దూరం నుంచి పలచటి పొరలు. ఒక్కొక్కటీ ఆరాకే తర్వాతది. మొదటే తడిగా కొడితే లాకర్ డెకాల్‌ని ముడతలు పెట్టేస్తుంది. అంచు కనిపించకుండా పోయేంత మందం వచ్చాక బాగా ఆరనిచ్చి డెకాల్ చుట్టూ మాత్రం 2000తో మెల్లగా రుద్దండి, పైన ఒక పలచటి తడి పొర వేసి ఆపెయ్యండి. గాలిలో తేమ ఎక్కువున్న రోజు మాత్రం కొట్టకండి, పాలలా తెల్లబడిపోతుంది.