వేడెక్కితే స్టార్ట్ కాని పాత స్పోర్ట్స్ కారు

ప్రశ్న: నాన్నగారు వదిలి వెళ్లిన 1994 నాటి టూ సీటర్. పొద్దున ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటుంది. మారేడ్‌పల్లి నుంచి ట్యాంక్‌బండ్ దాకా వెళ్లి, ఇంజిన్ ఆపి చాయ్ తాగి వస్తే మాత్రం సెల్ఫ్ గట్టిగా తిరుగుతుంది, ఇంజిన్ అందుకోదు. అరగంట ఆగితే మామూలే. బ్యాటరీ 12.6 వోల్టులు. ఎండల్లో బయటికి తీయాలంటేనే టెన్షన్.

జవాబు: సెల్ఫ్ బాగా తిరుగుతోందిగా అన్నా, బ్యాటరీ సంగతి వదిలెయ్. మొరాయించినప్పుడే చూడాలి, చల్లారాక ఏదీ దొరకదు. కీ ఆన్ చేస్తే పెట్రోల్ పంపు గుయ్యిమంటోందా? ప్లగ్ దగ్గర స్పార్క్ ఉందా?

ప్రశ్న వేసినవారు: పంపు మోగుతోంది. స్పార్క్ లేదు. సెల్ఫ్ కొడుతున్నప్పుడు ఆర్‌పీఎం ముల్లు అసలు కదలడం లేదు.

ఇంకొకరు: అయితే నా అనుమానం క్రాంక్ సెన్సర్ మీదే, అంటే ఇంజిన్ తిరుగుతోందని కారు కంప్యూటర్‌కి చెప్పేది; అది చెప్పకపోతే స్పార్క్ రాదు, ముల్లూ కదలదు. వేడికి లోపలి తీగచుట్ట తెగి, చల్లారితే మళ్లీ కలుస్తుంది. కొనే ముందు చల్లగా ఒకసారి, వేడిగా ఒకసారి దాని ఓమ్స్ (తీగచుట్ట నిరోధం) మీటర్‌తో కొలవండి.

ప్రశ్న వేసినవారు: కొలిచాను. చల్లగా రీడింగ్ వచ్చింది, వేడిగా ఏమీ లేదు. సెన్సర్ వైరు మీది తొడుగు బిస్కెట్‌లా పొడి రాలింది. రేపు రెండూ మారుస్తున్నాను.