అప్‌డేట్: జాక్ హార్నర్ పళ్లెం వయసు తెలిసింది

ఇక్కడ ఇంగ్లండ్‌లోని స్టోక్-ఆన్-ట్రెంట్‌లో పక్కింటి పెద్దావిడ మా పాపకు ఇచ్చిన, జాక్ హార్నర్ అనే ఇంగ్లీషు పిల్లల పాట బొమ్మ ఉన్న రాయల్ డౌల్టన్ కంపెనీ పింగాణీ పళ్లెం ఎప్పటిది, అందులో అన్నం పెట్టవచ్చా అని అడిగాను కదా. మీరు చెప్పినట్టే వెనక్కి తిప్పి భూతద్దంతో చూశాను. సింహం, కిరీటం ముద్ర పక్కన చిన్న 8 అంకె ఉంది! ఆ అంకెకు 1927 కలిపితే తయారైన ఏడాది వస్తుంది, అంటే 1935. ఎంత సంతోషం వేసిందో!

పాటలోలాగే మూలన కూర్చున్న జాక్, బొటనవేలికి గుచ్చిన పండు చెక్కుచెదరలేదు. అతని ముక్కు మీద మాత్రం చెంచా గీతలు. మెరుపు పూత నిండా సాలెగూడు లాంటి సన్నని పగుళ్లు. పాత పూతల్లో సీసం ఉండవచ్చు కాబట్టి, పెరుగన్నం, పులిహోర వంటి పుల్లనివే కాదు, ఏదీ అందులో పెట్టకూడదని నిర్ణయించుకున్నాను. అల్మరాలో నిలబెట్టి, పాపకు బొమ్మ చూపిస్తూ పాట పాడుతున్నాను.

పెద్దావిడకు ఈ సంగతి చెప్పాను. చిన్నప్పుడు ఆమె ఓట్స్ జావ తిన్నది అందులోనేనట.